బర్నౌట్ నుంచి తేరుకోవాలంటే సెలవుతో మొదలుపెట్టకండి: ఏ పని తర్వాత ఏ పని చేయాలి

“పది రోజులు సెలవు పెట్టి వచ్చాను. మూడో రోజుకే మళ్లీ మొదటికొచ్చింది. ఇంకేం చేయాలి?” మాటలు మారతాయి కానీ బర్నౌట్ గురించి, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా డీలాపడిపోవడం గురించి, నన్ను అడిగేవాళ్లలో చాలామంది ప్రశ్న ఇదే.

సెలవు పెట్టడం తప్పు కాదు. దాని వంతు రాకముందే వాడేయడం తప్పు. చిల్లు కుండలో ఎన్ని బిందెల నీళ్లు పోసి ఏం లాభం? ముందు చిల్లు ఎక్కడుందో చూడాలి, తర్వాత పూడ్చాలి, నీళ్లు ఆఖర్న. కింద ఉన్నదంతా ఆ వరసలోనే ఉంది. నేను మొదటిసారి వరస తిరగేసి చేశాను. ఉన్న సెలవులన్నీ అయిపోయాయి, అలసట మాత్రం అలాగే ఉంది.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- జేబులో పట్టే నోటుబుక్కు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం రాయకండి, ఇవి మీ సొంత రాతలు.
- లాగ్ (ఏ పనికి ఎంత ఓపిక పోయిందో రోజూ రాసుకునే లెక్క) రాయడానికి రెండు వారాలు, ఆ తర్వాత మార్పులకి ఆరు వారాలు.
- మీరు ఈ ప్రయత్నంలో ఉన్నారని తెలిసిన మనిషి ఒకరు. ఆఫీసు బయటివాళ్లయితే మేలు.

## 1. ఇది బర్నౌటేనా? ముందు తేల్చుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల్ని వర్గీకరించే తన ఐసీడీ-11 జాబితాలో బర్నౌట్‌ని జబ్బుల్లో చేర్చలేదు, పనికి సంబంధించిన పరిస్థితిగా చెప్పింది. చాలాకాలం సాగిన పని ఒత్తిడిని సంబాళించుకోలేకపోతే వచ్చేది అని. దాని లెక్కలో గుర్తులు మూడు:

- సత్తువంతా అయిపోయినట్టు ఉండటం
- పని మీద మనసు విరిగిపోవడం, “ఎవరి కోసం ఇదంతా” అనిపించడం
- చేస్తున్న పని సరిగా చేయలేకపోతున్నామన్న భావన

మొదటిదొక్కటే ఉంటే అది మామూలు అలసట కావచ్చు. నాలుగు రాత్రులు కంటినిండా నిద్రపోతే తగ్గుతుంది. నేను ఎక్కువగా గమనించమనేది రెండోదాన్ని. ఒకప్పుడు ఎవరేం అడిగినా ఓపిగ్గా చెప్పిన మనిషి, ఇప్పుడు ఫోన్ ఎత్తకముందే అవతలివాళ్లని తిట్టుకుంటున్నాడంటే అది ఒక్క రాత్రి నిద్రతో పోయే సంగతి కాదు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒంటి జబ్బుని బర్నౌట్ అనుకోవడం. రక్తహీనత, థైరాయిడ్ లోపం, బి12 తక్కువ కావడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా, ఇవన్నీ ఇలాంటి నీరసాన్నే తెస్తాయి. ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని, అవసరమైన రక్తపరీక్షలు చేయించుకున్నాకే మిగతా మెట్లు.

డిప్రెషన్ సంగతీ చూడాలి. పోల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఆఫీసుతో ఏ సంబంధం లేని, మీకు బాగా ఇష్టమైన పని ఒకటి చేసి చూడండి. అప్పుడైనా కాస్త హాయిగా అనిపిస్తే గొడవ ఎక్కువగా పని దగ్గరే ఉందని ఒక అంచనాకి రావచ్చు. రెండు వారాలుగా దేనిలోనూ సంతోషం లేకపోతే, ఆకలి, నిద్ర చెదిరిపోతే మానసిక వైద్యుల్ని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే ఈ మెట్లన్నీ పక్కన పెట్టేసి, ఇవాళే దగ్గరివాళ్లకి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

## 2. రెండు వారాల లాగ్

చాలామంది దాటేసే మెట్టు ఇదే. “నన్నేది తినేస్తోందో నాకు తెలుసు” అంటారు. నేనూ అన్నాను.

ఎలా రాయాలంటే:

1. రోజుకి మూడుసార్లు రాయండి: పని మధ్యలో, మధ్యాహ్నం, బయల్దేరే ముందు. రాత్రి గుర్తు తెచ్చుకుని రాస్తే రోజంతా ఒకే రంగులో కనపడుతుంది.
2. ప్రతి ముఖ్యమైన పనికీ ఒక్క లైను: ఏం పని, ఎవరు అడిగారు, ముందు ఓపిక ఎంత, తర్వాత ఎంత.
3. ఓపికకి 0 నుంచి 5 వరకు అంకె. 5 అంటే హుషారు, 0 అంటే మాట్లాడే ఓపిక కూడా లేదు.
4. కారణాలు, తిట్లు రాయకండి. అంకెలు చాలు.
5. ఓపిక పెరిగిన పనులు కూడా రాయండి. ఇవి తర్వాత పనికొస్తాయి.

నా నోటుబుక్కులో ఒక మంగళవారం ఇలా ఉంది:

“ఉదయం 10, నెలవారీ రిపోర్టు, రెండు గంటలు. 4 నుంచి 3. మధ్యాహ్నం 3, మీటింగు, నేను మాట్లాడాల్సింది ఏమీ లేదు. 3 నుంచి 2. సాయంత్రం 6:20, బ్యాగు భుజాన వేసుకున్నాక ‘ఒక చిన్న డౌటు’ మెసేజ్. 7:10కి తేలింది. 2 నుంచి 0.”

పది పనిదినాల్లో ఆ చిన్న డౌటు ఏడు రోజులు వచ్చింది. నెలల తరబడి నేను తిట్టుకున్నది మాత్రం రిపోర్టుల్ని. వాటివల్ల పోయేది ఒక్క పాయింటే.

రెండు వారాలయ్యాక రెండు పాయింట్లు, అంతకన్నా ఎక్కువ పడిపోయిన లైన్లన్నిటి కింద గీత గీయండి. అవి పది దాటితే, పదే పదే వచ్చేవి మాత్రం తీసుకోండి.

## 3. చిల్లు ఏ రకం?

బర్నౌట్ మీద ఏళ్ల తరబడి పనిచేసిన క్రిస్టినా మాస్లాక్, మైఖేల్ లైటర్ దాన్ని పెంచే చోట్లు ఆరు అన్నారు. గీత గీసిన ఒక్కో లైనూ వీటిలో దేని కిందికి వస్తుందో పక్కన రాయండి:

- పనిభారం: ఉన్న టైములో పట్టనంత పని
- పట్టు: ఎప్పుడు, ఎలా చేయాలో మన చేతిలో లేకపోవడం
- ప్రతిఫలం: జీతమే కాదు, చేసిన పనికి గుర్తింపు కూడా
- తోటివాళ్లు: గొడవలు, లేదా అసలు పలకరించే దిక్కే లేకపోవడం
- న్యాయం: ఒకరికో రూలు, ఇంకొకరికో రూలు
- విలువలు: మనకి తప్పనిపించే పని చేయాల్సి రావడం

తేడా తెలియక ఎక్కువమంది తడబడేది మొదటి రెండిటి దగ్గరే. నా సాయంత్రం డౌటుని నేనూ పనిభారం అనే రాసుకున్నాను. కానీ అదే ప్రశ్న మధ్యాహ్నం వస్తే నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఇంటికి వెళ్లే టైము నా చేతిలో లేకపోవడమే అసలు గొడవ. పట్టు పోయినచోట పని తగ్గించినా ఉపశమనం రాదు.

నిజంగా పనిభారమే అయితే తేలిగ్గా తీసుకోకండి. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు సుమారు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి లెక్కగట్టాయి.

చివరి రెండూ, అంటే న్యాయం, విలువలు, మీ అలవాట్లు మార్చుకుంటే తీరేవి కావు. ధ్యానం చేస్తే అన్యాయం న్యాయమైపోదు కదా. గీతలన్నీ అక్కడే పడితే 4, 5 మెట్లు చేస్తూనే 9వ మెట్టు కూడా చదవండి.

## 4. ఒక్కటి తగ్గించండి, ఒక్కటే

చేయాల్సిన పనుల జాబితా కొండవీటి చాంతాడంత ఉన్నప్పుడు కొత్త మంచి అలవాట్లు నెత్తిన వేసుకోవడం గోరుచుట్టు మీద రోకటిపోటే. ఏదైనా కలిపే ముందు ఒకటి తీసేయాలి.

లాగ్‌లో ఎక్కువసార్లు వచ్చిన చిల్లు ఒకటి పట్టుకోండి. దానికి ఈ నాలుగిట్లో ఏది కుదురుతుందో చూడండి: పూర్తిగా ఆపడం, తర్వాతికి జరపడం, ఇంకొకరికి ఇవ్వడం, లేదా టైము మార్చడం. నా డౌటుకి నాలుగోది కుదిరింది. “రోజూ 4:30కి పావుగంట మీ కోసమే కూర్చుంటాను, డౌట్లన్నీ అప్పుడు అడగండి” అని ఆ సహోద్యోగికి చెప్పాను. మొదటి వారం మర్చిపోయి 6 తర్వాత రెండుసార్లు అడిగారు. “రేపు 4:30కి మొదట ఇదే చూద్దాం” అన్నాను. మూడో వారానికి అలవాటైంది.

మేనేజర్‌ని అడగాల్సి వస్తే మొహమాటం అడ్డొస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ అడిగే తీరు ఒకటుంది. “సార్, చాలా టెన్షన్‌గా ఉంది” అంటే జాలిపడి “కొంచెం రెస్ట్ తీసుకో” అంటారు. పని అలాగే ఉంటుంది. జాబితా చూపించి, తేల్చాల్సిన విషయం వాళ్ల ముందు పెట్టండి:

“నమస్తే సార్. ఈ వారం నా దగ్గర నెలవారీ రిపోర్టు, కొత్తవాళ్ల ట్రైనింగ్, కస్టమర్ల ఫిర్యాదులు, పాత ఫైళ్లు సర్దడం ఉన్నాయి. శుక్రవారానికి మూడు సక్రమంగా పూర్తిచేయగలను. పాత ఫైళ్లు వచ్చే వారానికి జరపనా, లేక ట్రైనింగ్ ఇంకెవరికైనా ఇద్దామా? రేపు మధ్యాహ్నంలోగా చెప్తే దాన్ని బట్టి ప్లాన్ చేసుకుంటాను.”

“అన్నీ ముఖ్యమే” అనే జవాబు రావడానికి సిద్ధంగా ఉండండి. అప్పుడు మాట మార్చి, “వీటిలో ఏది రెండు రోజులు ఆలస్యమైతే నష్టం తక్కువ సార్?” అని అడగండి. ఏది ముఖ్యమో తేల్చడం కన్నా ఏది ఆగగలదో చెప్పడం ఎవరికైనా తేలిక. ఒప్పుకున్నది ఆ రోజే రెండు లైన్లలో మెయిల్ పెట్టండి.

మెసేజ్ పంపే ముందు:

- పనుల పేర్లు, తేదీలు ఉన్నాయా?
- మీ తరఫున రెండు దారులైనా చూపించారా?
- ఎవరి మీదైనా ఫిర్యాదులా వినపడుతోందా? అయితే ఆ వాక్యం తీసేయండి.
- అడిగింది ఒక్కటేనా?

## 5. రోజూ షట్టర్ దించండి

దుకాణం మూసేటప్పుడు లెక్క చూసుకుంటారు, లైట్లు ఆర్పుతారు, షట్టర్ దించి తాళం వేస్తారు. మనం మాత్రం ల్యాప్‌టాప్ మూత వేసి, తలలో దుకాణం తెరిచే ఉంచుతాం.

ఆగిపోయిన పని మెదడులో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి పని పూర్తికానక్కర్లేదు. ఎప్పుడు, ఎలా చేస్తామో కచ్చితంగా రాసుకుంటే ఆ తిరుగుడు తగ్గుతుందని 2011లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మాసికాంపో, బౌమైస్టర్ చేసిన ప్రయోగాల్లో తేలింది. 2018లో ప్రచురితమైన ఇంకో చిన్న ప్రయోగంలో 57 మంది పాల్గొన్నారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కన్నా సగటున 9 నిమిషాలు ముందు నిద్రపోయారు. కాబట్టి:

1. బయల్దేరడానికి పావుగంట ముందు అలారం పెట్టుకోండి.
2. సగంలో ఉన్న ప్రతి పనికీ తర్వాతి అడుగు ఒక్క లైను. “రిపోర్టు చూడాలి” అని రాస్తే చాలదు. “రేపు 10కి రిపోర్టు మూడో పట్టికలో అంకెలు సరిచూడాలి” అని రాయాలి.
3. రేపు మొదట చేసే పని చుట్టూ గుండ్రం గీయండి.
4. మెయిల్ ఒక్కసారి చూసి మూసేయండి. ఈ టైములో కొత్త జవాబులు మొదలుపెట్టొద్దు.
5. ఫోన్‌లో ఆఫీసు యాప్‌ల నోటిఫికేషన్లు ఆపండి. నిజంగా అత్యవసరమైతే కాల్ చేయమని టీమ్‌కి ముందే చెప్పి ఉంచండి.
6. నోటుబుక్కు మూసి, “ఇవాళ్టికి అయిపోయింది” అని పైకి అనండి. మొదట్లో సిగ్గుగా ఉంటుంది, అయినా అనండి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ల్యాప్‌టాప్‌ని కంటికి కనపడని చోట పెట్టాలి, అల్మారా అయినా సరే. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు డ్యూటీ అప్పగించేటప్పుడే పై జాబితాలోని 2వ, 3వ అంశాలు పూర్తిచేసుకోండి. యూనిఫాం మార్చుకోవడమే మీ షట్టర్.

## 6. విశ్రాంతి నాలుగు రకాలు, ఫోన్ వాటిలో లేదు

సాయంత్రం మూడు గంటలు సోఫాలో పడుకుని ఫోన్ చూసినా లేచేసరికి తల బరువుగానే ఉంటుంది. పని తర్వాత మనుషులు ఎలా తేరుకుంటారని పరిశోధించినవాళ్లు నాలుగు విషయాలు చెప్తారు: పని ఆలోచనల నుంచి బయటపడటం, ఒళ్లు మనసు సడలడం, ఏదైనా కొత్తది నేర్చుకోవడం, ఆ టైము మన ఇష్టప్రకారం గడపడం. ఫోన్‌తో వీటిలో మొదటిదైనా దక్కుతుందేమో అనుకుంటే ఆఫీసు గ్రూపు అందులోనే ఉంది.

అన్నీ రోజూ అక్కర్లేదు. వారంలో నాలుగూ ఒక్కసారైనా వస్తున్నాయో లేదో చూసుకుంటే చాలు. ఎక్కువమంది వదిలేసేది మూడోది. అలసిపోయినవాళ్లకి మళ్లీ నేర్చుకోవడమేంటి అంటారు గానీ, ఆఫీసులో ఏం చేసినా తక్కువే అనిపించే మనిషికి, చేతులతో చేసిన ఒక చిన్న పని కళ్లముందు పూర్తయితే వచ్చే ధైర్యం వేరు.

నిద్ర గురించి రెండే మాటలు. పెద్దవాళ్లకి కనీసం 7 గంటలు కావాలి. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం దాటాక మానేయండి.

ఇంకో సంగతి. నిద్ర ముంచుకొస్తున్నా “ఇదొక్కటే నా టైము” అని అర్ధరాత్రి దాకా మేలుకునేవాళ్లున్నారు. వాళ్లని తొందరగా పడుకోమంటే వినరు, వాళ్ల బాధ నిద్ర కాదు కాబట్టి. రోజులో తనదంటూ ఏమీ మిగలట్లేదు. సాయంత్రమే అరగంట ఎవరూ అడగని టైము తీసి పెట్టుకుంటే రాత్రి మేలుకోవడం చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

## 7. తేరుకునే శక్తి ఎలా పెంచుకోవాలి

ఎంత బరువు వేసినా మోయగలగడాన్ని గట్టితనం అనుకుంటాం. నేను దాన్ని వేరేగా కొలుస్తాను: దెబ్బ తగిలాక మామూలు మనిషిగా మారడానికి ఎంతసేపు పట్టింది? మీటింగులో మాట పడ్డారు. మర్నాడు ఉదయానికి పోయిందా, వారం వెంటాడిందా? లాగ్‌లోనే ఒక మూల ఈ లెక్క కూడా రాస్తుంటే మెరుగుపడుతున్నారో లేదో తెలుస్తుంది.

- ఖాళీ ఉంచుకోండి. రోజులో ఒక గంట దేనికీ కేటాయించకండి. అనుకోని పని ఎలాగూ వస్తుంది, వచ్చి ఆ గంటలో కూర్చుంటుంది. లేకపోతే మీ రాత్రిలోకి వస్తుంది.
- దెబ్బ తగిలిన రోజు మూడు లైన్లు. ఏం జరిగింది, అందులో నా పాలు ఎంత, రేపు చేసే ఒక్క పని ఏంటి. మూడో లైను లేకుండా ఆపితే అది వగపే అవుతుంది.
- ఇద్దరు మనుషులు. పని తెలిసినవాళ్లు ఒకరు, పని తెలియకపోయినా మిమ్మల్ని తెలిసినవాళ్లు ఒకరు. వారానికోసారి మాట్లాడండి, కష్టం లేని వారాల్లో కూడా.
- ఓపిక పెంచిన పనుల్ని వెతకండి. లాగ్‌లో అంకె పైకి వెళ్లిన లైన్లున్నాయి కదా, అలాంటి పని వారంలో ఇంకొకటి అడిగి తీసుకోండి.
- కష్టమైన వారం తర్వాత తేలిక వారం. ముందే క్యాలెండర్‌లో గీత గీసి ఉంచండి.

## 8. సెలవు వంతు వచ్చింది

చిల్లు ఒకటైనా పూడ్చాక, షట్టర్ అలవాటయ్యాక ఇప్పుడు సెలవు పెట్టండి. సెలవు వల్ల వచ్చిన హుషారు మామూలుగా కొన్ని వారాల్లోనే కరిగిపోతుంది. అందుకే ఏడాదికోసారి పెద్ద సెలవు కన్నా, మధ్యమధ్యలో మూడు నాలుగు రోజులవి కూడా ఉంటే మంచిది.

- వెళ్లేముందు రోజు కొత్త పని తీసుకోవద్దు. ఎవరు ఏం చూసుకుంటారో రాసి అప్పగించండి.
- “అవసరమైతే కాల్ చేయండి” అనకండి. చేస్తారు. ఏ సందర్భంలో, ఎవరికి చేయాలో చెప్పండి.
- వారం మధ్యలో తిరిగి చేరండి. రెండు రోజుల్లో వారాంతం వస్తుంది.
- చేరిన రోజు ఉదయం మీటింగులు పెట్టుకోవద్దు.

ఎక్కువగా జరిగే తప్పులు

*ఒకేసారి అన్నీ మొదలుపెట్టడం.* సోమవారం నుంచి వ్యాయామం, ధ్యానం, డైరీ, తొందరగా లేవడం. గురువారానికి అన్నీ ఆగిపోతాయి, పైగా “ఇది కూడా చేతకాలేదు” అన్న బాధ. వారానికి ఒకటే కలపండి.

*కాస్త బాగుందనిపించగానే పాత బరువు మళ్లీ ఎత్తుకోవడం.* మూడో వారంలో ఇది తప్పకుండా వస్తుంది. కొత్త పని ఎవరిచ్చినా “రేపు చెప్తాను” అనండి. ఒక రాత్రి గడిస్తే మొహమాటం తగ్గుతుంది.

*షట్టర్ రెండు రోజులు దించలేదని మొత్తం మానేయడం.* మూడో రోజు దించండి, అంతే.

## 9. ఆరు వారాలకీ అంకెలు కదలకపోతే

మళ్లీ ఒక వారం లాగ్ రాసి మొదటి వారంతో పక్కపక్కన పెట్టండి. అంకెలు అలాగే ఉంటే చిల్లు మీ చేతికందే చోట లేదని అర్థం. అప్పుడు ఈ వరసలో వెళ్లండి: ముందు కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవడం, తర్వాత అదే సంస్థలో వేరే టీమ్ అడగడం, ఆ తర్వాత వేరే ఉద్యోగం. బాగా లేని వారంలో రాజీనామా రాయకండి. వేధింపులో, ప్రాణాపాయమో ఉంటే మాత్రం ఈ మాట పట్టించుకోవద్దు, ముందు బయటపడండి.

కొత్త చోటికి ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు పాత లాగ్ ఒకసారి తిరగేసి, మీ చిల్లు ఏ రకమో దానికి తగ్గ ప్రశ్న తీసుకెళ్లండి. పట్టు అయితే: “సాయంత్రం పని ముగిశాక మెసేజ్ వస్తే ఇక్కడ మామూలుగా ఎప్పటికి జవాబిస్తారు?” పనిభారం అయితే: “ఈ పని ఇంతకుముందు ఎంతమంది చేసేవాళ్లు?” న్యాయం అయితే: “కిందటిసారి ప్రమోషన్లు ఏ లెక్కన ఇచ్చారు?” చెప్పే జవాబు ఎలాగూ వినండి. చెప్పే ముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారా, అది కూడా గమనించండి.